నాలుగో గురువారం

జూన్ 5

ఇవాళ గోడ అవతల పిల్ల నవ్వింది.

క్లినిక్ వెయిటింగ్ గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. గోడ ప్లైవుడ్డుది. మాటలు వినిపించవు, గొంతులు వినిపిస్తాయి. ముందు డాక్టరమ్మ గొంతు, తర్వాత పిల్ల గొంతు, తర్వాత నవ్వు. ముక్కుతో మొదలై, మధ్యలో ఊపిరి అందక ఆగి, మళ్ళీ అందుకునే నవ్వు. వాళ్ళమ్మ నవ్వు. తను పోయి ఏడాది కావస్తోంది. ఇంట్లో ఆ నవ్వు వినలేదు. ('నా భార్య' అని రాయడానికి చెయ్యి రావడం లేదు. తను అనే రాసుకుంటాను. చదివేది నేనేగా.)

కారులో అడిగాను.

“ఏంటి, అంత నవ్వొచ్చింది?”

“ఏం లేదు నాన్నా.”

“జోకు చెప్పిందా?”

“జోకు కాదు. నువ్వక్కడుంటే తెలిసేది.”

నేను అక్కడే ఉన్నాను. గోడకి ఇవతల.

జూన్ 7

శనివారం క్లాసు. పిల్లలకి ఒక గదిలో, మా పెద్దవాళ్ళకి ఇంకో గదిలో. ఈ వైద్యం పేరు డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ. కోపమైనా దిగులైనా ఉప్పెనలా వచ్చిపడే వాళ్ళకి, ఆ ఉప్పెనలో కొట్టుకుపోకుండా నిలబడటం నేర్పుతారు. గురువారం గురువారం ఆవిడతో ఒంటరిగా, శనివారం గుంపులో పాఠం. ఏడాది పాటు.

డయలెక్టికల్ అంటే ఏమిటని అడిగాను. “ఎదురెదురుగా ఉన్న రెండు మాటలు ఒకేసారి నిజం కావచ్చండీ. అమ్మాయి చేతనైనంతా చేస్తోంది. ఇంకా చెయ్యాలి. రెండూ,” అంది ఆవిడ.

నా పని లిఫ్టులు తనిఖీ చెయ్యడం. ఎదురెదురుగా ఉన్న రెండు మాటలు ఒకేసారి నిజమైతే ఆ లిఫ్టు నడపడానికి నేను సంతకం పెట్టను.

నియమాలు మళ్ళీ చెప్పారు. చెయ్యి కోసుకోవాలనిపిస్తే, కోసుకోక ముందే ఫోన్ చెయ్యాలి. కోసుకున్నాక ఒక రోజంతా ఫోన్ చెయ్యకూడదు. వరసగా నాలుగు గురువారాలు తప్పితే చోటు పోతుంది. ఎవరికైనా సరే. పిల్ల ఫిబ్రవరిలో వీటికి ఒప్పుకుని సంతకం పెట్టింది. మార్చి నుంచి పొడుగు చేతుల చొక్కాలు బీరువా పైఅరలోనే ఉన్నాయి.

తర్వాత నాటకం. నాకు జతగా పెద్ద మీసాలున్న రిటైరైన బస్సు డ్రైవరు. ఆయన కొడుకు, నేను తండ్రి.

“నాన్నా, అందరూ నన్ను వదిలేస్తున్నారు,” అన్నాడు మీసాలాయన, గొంతు సన్నం చేసుకుని.

“ఎవరూ వదల్లేదు. పనికిమాలిన ఆలోచనలు మాని పని చూసుకో,” అన్నాను.

ఆవిడ ఆయన వైపు తిరిగింది. “ఇప్పుడు కొడుక్కి ఏమనిపిస్తోంది?”

“వెంటనే బస్సు దిగిపోవాలనిపిస్తోందండీ.”

అందరూ నవ్వారు. ఆవిడ కూడా. “ముందు ఎదుటివాళ్ళ బాధ బాధేనని ఒప్పుకోవాలి. సలహా తర్వాత,” అంది.

కన్నకూతురితో ఎలా మాట్లాడాలో నాకు పాఠం.

జూన్ 8

ఫ్రిజ్‌లో ఐసు అయిపోయింది. ట్రేలు నింపాను.

జూన్ 9

మళ్ళీ నింపాను.

ఐసు ఎందుకంటే, లోపల ఉడుకు మొదలవగానే పిల్ల ఒక వెడల్పు గిన్నెలో ఐసునీళ్ళు పోసుకుని, ఊపిరి బిగబట్టి అందులో మొహం ముంచుతుంది. గుండె వేగం దిగుతుందట. దిగుతోంది కూడా, కాదనను. బాత్రూంలోంచి వచ్చేసరికి మనిషి మామూలుగా ఉంటుంది. “మేడం చెప్పింది భలే పనిచేస్తుంది నాన్నా,” అంటుంది.

మేడం చెప్పింది. ట్రేలు నింపింది ఎవరు? సొమ్మొకడిది, సోకొకడిది.

జూన్ 10

ఊరి మధ్య ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు ఆగింది. మెకానిక్ చేరేలోపు లోపలున్న మనిషితో ఇంటర్‌కమ్‌లో నేనే మాట్లాడాను. కొరియర్ అతను.

“సార్, పడిపోతుందా సార్? తలుపు గుంజుతున్నా సార్, రావట్లేదు!”

“తలుపు మీంచి చెయ్యి తియ్యండి. భయమేస్తోందా?”

“వెయ్యదా సార్!”

“వేస్తుంది. మొదటిసారి నాకూ వేసింది. ఒకటి వినండి. ఆగిపోయిన లిఫ్టు పడదు. తలుపు గుంజినవాళ్ళే పడతారు. కింద కూర్చోండి. మావాడు వచ్చేదాకా నేను లైన్లోనే ఉంటాను. ఆ పార్సిల్లో ఏముంది?”

“చెప్పకూడదు సార్.”

“ఊపి చూడండి.”

“...బూట్లనుకుంటా సార్.”

ఏ సైజు అయ్యుంటుందో మాట్లాడుకుంటూ ఉన్నాం. తలుపులు తెరుచుకున్నాక, “మీ గొంతు లేకపోతే పిచ్చెక్కేది సార్,” అన్నాడు.

ముక్కూ మొహం తెలియని మనిషి. ఇంట్లో మాత్రం నా గొంతు ఎవరికీ అక్కర్లేదు.

జూన్ 11

పిల్ల ఫోన్ బల్ల మీద మోగింది. తెర మీద పేరు ‘నిమ్మళం’.

“ఎవరది?”

“మేడం నాన్నా. రేపటి టైము మారిందేమో,” అని ఫోన్ తీసుకుని గదిలోకి వెళ్ళింది. తలుపు వేసుకుంది.

నిమ్మళం తన మాట. పిల్ల చిన్నప్పుడు నేలమీద పడి దొర్లి ఏడుస్తుంటే, తను పక్కన చతికిలబడి వీపు మీద చెయ్యి వేసేది. ‘నిమ్మళం, నిమ్మళం’ అనేది. ఇంకేమీ అనేది కాదు. పిల్ల పెద్దదయ్యాక కూడా అదే చెయ్యి, అదే మాట. నేను గుమ్మంలో నిలబడేవాణ్ణి.

ఆ మాట తీసుకెళ్ళి పరాయి మనిషికి ఇచ్చేసింది.

స్నానానికి వెళ్ళినప్పుడు ఆ ఫోన్లో నా పేరు ఏమని ఉందో చూశాను. నాన్న. అంతే. ఇంకేముంటుంది.

జూన్ 12

గురువారం. ఇవాళ నవ్వు లేదు. బయటికి వచ్చేసరికి కళ్ళు వాచి ఉన్నాయి, నడక మాత్రం తేలిగ్గా ఉంది. ఏడుపు కూడా అక్కడే.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

“ఏరా, పిల్ల ఎలా ఉంది?”

“ఆ డాక్టరమ్మకే తెలియాలి.”

“అదేం మాట?”

“కష్టమొస్తే ఆవిడ, సుఖమొస్తే ఆవిడ. నేను కారు నడుపుతాను.”

“ఒరేయ్, నీకు కళ్ళు కుడుతున్నాయిరా.”

“నాకెందుకు కుడతాయి?”

“చిన్నప్పుడు నాకు కొత్త గొడుగు కొన్నారని అన్నం మానేసి కూర్చున్నావు. అచ్చం అదే గొంతు.”

“ఆ గొడుగు ఇద్దరికీ కలిపి కొన్నారు.”

“చూశావా!”

పెట్టేశాను. అసూయ కాదు. పద్ధతి గురించి మాట్లాడుతున్నాను. తండ్రి ఇంట్లో ఉండగా బయటి మనిషికి ఫోన్ చెయ్యడం ఏం పద్ధతి?

జూన్ 15

ఆదివారం. ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి.

పిల్ల పనిచేసేది కుక్కలకి స్నానం చేయించి, బొచ్చు కత్తిరించి పంపే కొట్టులో. ఇవాళ ఒక కుక్క సబ్బు ఒంటితో చేతుల్లోంచి జారి రోడ్డెక్కింది. దొరికింది. దెబ్బ కూడా తగల్లేదు. కానీ కుక్క యజమాని నలుగురిలో అరిచాడట, ‘నీకు ప్రాణమంటే లెక్కలేదు’ అని. ఈ పిల్లతో అనకూడని మాట అదొక్కటే. అతనికి తెలియదు.

ఇంటికి వచ్చేసరికి మొహం పాలిపోయి ఉంది. నన్ను దాటుకుని వెళ్ళి ఫోన్ చేసింది. అవతల ఎత్తలేదు. వెంటనే మెసేజ్ వచ్చింది.

“అరగంటలో చేస్తానంది నాన్నా. చేస్తానంటే చేస్తుంది.”

“ఏమైంది? నాకు చెప్పు.”

“చెప్తా. ముందు... చెప్తా నాన్నా.”

ఫోన్ హాల్లో ఛార్జింగుకి పెట్టి, ఐసు గిన్నె పట్టుకుని బాత్రూంలోకి వెళ్ళింది. నీళ్ళ చప్పుడు.

ఫోన్ మోగింది. నిమ్మళం.

తీశాను. మోగుతుంటే ఎవరో ఒకరు తియ్యాలి కదా.

“అమ్మాయి ఉందాండీ?”

“పడుకుందండీ.”

“పడుకుందా? ఇందాక చాలా...”

“సర్దుకుంది. నేనున్నానుగా.”

“మీరుండటం మంచిదే. లేవగానే నేను చేశానని చెప్పండి. ఏ టైమైనా పర్వాలేదు.”

“చెప్తాను.”

ఆ ఫోన్ తాళం అంకెలు నాకు తెలుసు. వాళ్ళమ్మ పుట్టిన తేదీ. కాల్ వచ్చిన గుర్తు తీసేశాను. లేనిపోని గందరగోళం ఎందుకని. నేనున్నానన్నది అబద్ధం కాదు. ఉన్నాను.

పిల్ల తడి మొహంతో వచ్చింది. జుట్టు కొసల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ముందు ఫోన్ చూసుకుంది.

“మేడం చేసిందా?”

“లేదమ్మా.”

భోజనం పెట్టి పక్కన కూర్చున్నాను. ఇప్పుడు చెప్పమన్నాను. చెప్పింది. చివరిదాకా విన్నాను, మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడలేదు. అంతా అయ్యాక, “పోనీలే, కుక్క దొరికిందిగా. ఇంత చిన్నదానికి...” అన్నాను.

నా వంక చూసింది. మీసాలాయన మాట గుర్తొచ్చింది. కొంచెం ఆలస్యంగా.

“నిద్రొస్తోంది నాన్నా,” అని లేచింది. గదిలోకి వెళ్ళేముందు ఫోన్ ఇంకోసారి చూసుకుంది.

జూన్ 16

ఎండ మండిపోతోంది. పొడుగు చేతుల చొక్కా వేసుకుని పనికి వెళ్ళింది.

జూన్ 17

“నేను మానేస్తున్నా నాన్నా. గురువారం వెళ్ళక్కర్లేదు. శనివారం కూడా.”

“ఏం?”

“చేస్తానని చెయ్యలేదు. అంతే. అందరూ అంతే. నంబరు బ్లాక్ చేసేశా.”

“నీ ఇష్టం తల్లీ. నేనున్నానుగా.”

“ఊఁ.”

ఇవాళ లిఫ్టు మోటారు గదిలో పని చేసుకుంటూ ఏదో కూనిరాగం తీస్తున్నానట. మెకానిక్ చెప్పాడు. నాకు తెలియలేదు.

జూన్ 19

తప్పిన మొదటి గురువారం. క్లినిక్‌కి వెళ్ళే వేళకి ఇద్దరం బూట్ల కొట్టుకి వెళ్ళాం. తడి నేల మీద జారనివి కొనిపించాను.

“బాగున్నాయా?”

“బాగున్నాయి నాన్నా.”

“బిగుతుగా ఉన్నాయేమో చూడు.”

“లేవు.”

“రంగు?”

“బాగుంది నాన్నా.”

చాలా బాగా గడిచింది.

జూన్ 20

నిన్న చాలా బాగా గడిచింది.

జూన్ 23

ఏమైనా అనిపిస్తే నాకు ఫోన్ చెయ్యమన్నాను. చేస్తానంది. మోటారు గదిలో సిగ్నల్ ఉండదు. అందుకని తనిఖీ మధ్యలో మాటిమాటికీ డాబా మీదికి వచ్చి చూసుకున్నాను. మెకానిక్, “ఏంటి సార్, కొత్త అల్లుడిలా ఫోన్ చూసుకుంటున్నారు?” అన్నాడు.

పిల్ల చెయ్యలేదు. చెయ్యలేదంటే ఏమీ అనిపించలేదనే కదా అర్థం.

జూన్ 26

రెండోది. వాన. ఇద్దరం టీవీ చూశాం. నవ్వే చోట నేను నవ్వాను.

జూన్ 30

ఐసు ట్రేలు తీసి చూశాను. నేను నింపినవి నింపినట్టే ఉన్నాయి. పైన తెల్లగా పొడి కట్టింది. మంచిదేగా, అవసరం పడటం లేదు. పారబోసి మళ్ళీ నింపాను.

బీరువా పైఅర ఖాళీ. పొడుగు చేతుల చొక్కాలన్నీ కిందికి దిగాయి. తీగ మీద ఆరేసింది నేనే.

జూలై 2

కొట్టు ఓనరమ్మ ఫోన్ చేసింది. “అమ్మాయికి ఒంట్లో బాగాలేదా అండీ? వారం రోజులుగా రావట్లేదు. పెద్ద కుక్కలు తనైతేనే నీళ్ళలో దిగుతాయి. నన్ను చూస్తే బల్ల కిందికి దూరుతున్నాయి.”

పొద్దున్నే కొత్త బూట్లు వేసుకుని వెళ్తోంది. ఎక్కడికి?

సాయంత్రం అడిగాను.

“బస్టాండులో కూర్చుంటున్నా.”

“రోజంతానా? ఎందుకు?”

“వచ్చేవాళ్ళు వస్తుంటారు, పోయేవాళ్ళు పోతుంటారు. ఎవరూ నన్ను చూడరు. బాగుంటుంది.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే ఏమంటావు నాన్నా?”

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. నేను ఏమంటానో ఇద్దరికీ తెలుసు.

జూలై 3

మూడోది.

జూలై 4

ఆవిడ నా ఫోన్‌కి చేసింది. నా ఫోన్లో ‘క్లినిక్’ అని ఉంటుంది.

“అమ్మాయి నా నంబరు బ్లాక్ చేసినట్టుందండీ. ముందు ఎలా ఉందో చెప్పండి.”

“బాగానే ఉంది.”

“బాగానే అంటే?”

చొక్కాల సంగతి చెప్పాను. బస్టాండు సంగతి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. అడిగే తీరు అలాంటిది.

“చచ్చిపోవాలని ఉందని ఏమైనా అందా?”

“అనలేదు.”

“మీరు అడిగారా?”

“లేదు.”

“ఇవాళ అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదండీ. ఉంటే బయటికి వస్తుంది. అవునంటే ఒక్క నిమిషం ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళి నాకు చెయ్యండి. బ్లేడ్లు, మాత్రలు ఇంట్లోంచి తీసెయ్యండి.” గొంతు ఎక్కడా పెరగలేదు. “వచ్చే గురువారం నాలుగోది.”

“తెలుసు. రూలు మీదేగా. మార్చుకోండి.”

“అమ్మాయీ నేనూ కలిసి సంతకం పెట్టాం. దాన్ని నేనొక్కదాన్నే మారిస్తే, రేపు ఇంకేం మారుస్తానోనన్న భయం అమ్మాయికి పట్టుకుంటుంది. ఒక మాట అడగనా? ఆ ఆదివారం నేను ఫోన్ చేశానని అమ్మాయికి తెలుసా?”

ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

“సరే,” అంది. తిట్టలేదు. “నేనంటే మీకు గిట్టకపోవడంలో వింతేం లేదండీ. మీరు ఎదురుగా ఉండగా మీ అమ్మాయి నాకు ఫోన్ చేస్తోంది. ఎవరికైనా మండుతుంది.”

ఆ మాటకి ఛాతీలో ఏదో కొంచెం కిందికి దిగింది. అందుకే కోపం వచ్చింది. గోడ అవతల పిల్లకి దొరికేది ఇదన్నమాట.

“మీరే చెప్పండి. బుధవారం దాకా చూస్తాను. తర్వాత నేనే ఇంటికొచ్చి చెప్తాను. కానీ మీ నోట వింటే మేలు.”

సాయంత్రం అడిగాను. “చచ్చిపోవాలని ఉందా అమ్మా?” నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

పిల్ల చాలాసేపు నా మొహం చూసింది. “అలా లేదు నాన్నా. ఉండాలనీ లేదు. మధ్యలో ఆగినట్టుంది.”

నా షేవింగ్ సెట్టు, మాత్రల డబ్బా ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆదివారం సంగతి చెప్పలేదు.

జూలై 5

చెప్పలేదు.

జూలై 6

టిఫిన్ దగ్గర చెబుదామనుకున్నాను. ‘అందరూ అంతే’ అంది ఆ రోజు. చెబితే ఆ అందరిలో నేనూ ఒకణ్ణి. ఇప్పటికైతే కాదు.

తను ఉన్నప్పుడూ ఇంతే. పిల్ల తన ఒళ్ళో, నేను గుమ్మంలో. అప్పుడు కళ్ళు కుట్టలేదే అని ఇవాళ ఆలోచించాను. పిల్ల నిద్రపోయాక తను లేచి వచ్చి, ఏమీ మాట్లాడకుండా నా భుజం మీద తల ఆనించేది. పిల్లకి తను, తనకి నేను. ఇప్పుడు గుమ్మం ఒక్కటే మిగిలింది.

జూలై 7

అక్క వచ్చింది. అంతా చెప్పాను. విని, చేతిలో ఉన్న గ్లాసు కింద పెట్టింది.

“చెప్పరా దానికి.”

“ఆలోచిస్తున్నా.”

“నీ ఆలోచన తెమిలేలోపు దాని చోటు పోతుంది. ఆ గొడుగు చివరికి ఏమైందో గుర్తుందా?”

“లేదు.”

“నాకు దక్కకూడదని అటకెక్కించి దాచావు. ఆ ఏడంతా ఇద్దరం తడిశాం.”

జూలై 8

చెప్పలేదు.

జూలై 9

చెప్పాను.

పిల్ల వంటింట్లో గ్లాసులు కడుగుతోంది. వెనక నిలబడి చెప్పాను. ఎదురుగా చెప్పడం నా వల్ల కాలేదు.

“ఆ ఆదివారం ఆవిడ ఫోన్ చేసింది. నేను తీశాను. పడుకున్నావని చెప్పాను.”

కుళాయి పారుతూనే ఉంది.

“అరగంట లోపే చేసింది.”

“నేను అడిగాను నిన్ను.”

“అడిగావు.”

“మొహం తుడుచుకోకుండా వచ్చి అడిగాను. లేదన్నావు.”

“అన్నాను.”

“ఎందుకు?”

కారణాలు సిద్ధం చేసుకునే ఉన్నాను. విశ్రాంతి కావాలనిపించిందని. ఇంటి విషయం ఇంట్లో ఉంటే మంచిదని. నోటిదాకా ఒక్కటీ రాలేదు.

“కుళ్ళు,” అన్నాను. “నీ నవ్వు ఆవిడకి వినిపిస్తోందని.”

గ్లాసు వెళ్ళి గోడకి తగిలింది.

“అమ్మ పోయాక నన్ను పట్టుకుని ఉన్నది ఆ ఒక్క మనిషి! వదిలేసిందనుకున్నా! ఇన్ని వారాలు! నువ్వు చూస్తూ ఊరుకున్నావు. బూట్లు కొన్నావు! రంగు బాగుందా అని అడిగావు!”

బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

తర్వాత ఇంట్లో చప్పుడు లేదు. నా చెయ్యి తలుపు మీదికి వెళ్ళింది. ఆ గడియ బలం నాకు తెలుసు, భుజంతో ఒక్కటిస్తే ఊడి వస్తుంది. కొరియర్ అతనితో అన్న మాట గుర్తొచ్చింది. చెయ్యి తీసి, గుమ్మం ముందు నేలమీద కూర్చున్నాను.

“నా మీద కోపంగా ఉందా?”

“ఉండదా!”

“ఉంటుంది. ఉండాలి.”

లోపల ఏడుపు మొదలైంది. ఏడుపు వినిపించడం నయమనిపించింది. కాసేపటికి గొంతు తలుపుకి దగ్గరగా వచ్చింది. పిల్ల కూడా నేలమీదే కూర్చున్నట్టుంది.

“నాన్నా. కోసుకోవాలనిపిస్తోంది. చాలా.”

నాకు చెప్పింది. ఆవిడకి కాదు, నాకు. కోసుకోక ముందు. ఏడాదిగా నేను ఎదురుచూసిన మాట. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ రాస్తున్నాను, ఆ క్షణంలో కూడా ఇక ఎవరూ అక్కర్లేదు, నేను చాలు అనిపించింది.

నేను చాలను. ఆ సంగతి నాకు ఆ కుక్క జారిపోయిన ఆదివారం సాయంత్రమే తెలుసు.

ఫోన్ తీసి ‘క్లినిక్’ నొక్కాను. రెండో రింగుకి తీసింది.

“ఏమైనా చేసుకుందా?”

“లేదు. ముందే చేస్తున్నాం.”

తలుపు కింద సందులో ఫోన్ పట్టదు. స్పీకరు పెట్టి గుమ్మం దగ్గర నేలమీద ఉంచాను. పక్కన ఐసు గిన్నె పెట్టాను.

“ఆవిడ లైన్లో ఉంది. నువ్వు తీసుకో. నేను బయట మెట్ల మీద ఉంటాను. వినను.”

వంటింట్లో గాజు పెంకులన్నీ చేటలోకి ఊడ్చుకుని, చేటతో సహా బయటికి నడిచాను. వెనక గడియ తీసిన చప్పుడైంది. తిరిగి చూడలేదు.

మెట్ల మీద చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పైవాటాలో ఉండే ఆయన కూరగాయల సంచితో వస్తూ ఆగాడు.

“ఏంటండీ, చేట పట్టుకుని ఇక్కడ?”

“గ్లాసు పగిలింది.”

“అయితే పారెయ్యొచ్చుగా.”

“పారేస్తాను.”

ఆయన ఇంకోసారి చూసి పైకి వెళ్ళాడు. నేను కూర్చునే ఉన్నాను. లోపల మాట్లాడుతున్న గొంతు వినపడింది. మాటలు వినలేదు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. మొహం తడిగా ఉంది. నా ఫోన్ నాకిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. కొత్తది ఏదీ లేదు.

జూలై 10

నాలుగో గురువారం. వెళ్ళాం.

గోడ అవతల నవ్వు లేదు. ఏడుపు, కోపం, మళ్ళీ ఏడుపు. ఆ కోపం నా గురించే అయ్యుంటుంది. కుర్చీలోంచి లేవలేదు.

తిరిగి వస్తూ సగం దారి దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తర్వాత పిల్లే అంది.

“నిన్ను ఇంకా క్షమించలేదు.”

“తెలుసు.”

“ఇంకోసారి నా ఫోన్ ముట్టుకుంటే ఇంట్లోంచి వెళ్ళిపోతా.”

“ముట్టుకోను.”

“తాళం మార్చేశా.”

“మంచి పని చేశావు.”

సిగ్నల్ దగ్గర ఆగాం. “శనివారం క్లాసుకి రా. మీసాలాయన అడిగాట్ట, ఆ తండ్రిగారు బస్సు దిగిపోయారా అని.”

జూలై 11

క్లాసు ఎన్నింటికో కనుక్కుందామని నా ఫోన్లో ‘క్లినిక్’ అని వెతికాను. లేదు. చెరిపేసుకున్నానేమో అనుకున్నాను. పేర్లన్నీ ఒక్కొక్కటే జరుపుకుంటూ వెళ్ళాను. సగం దాటాక ఆగాను.

నిమ్మళం. నంబరు ఆవిడదే.

బుధవారం ఫోన్ చేతిలో ఉన్నప్పుడు మార్చి ఉంటుంది. నాతో అనలేదు. నేనూ అడగలేదు.

ఆ మాటని కాసేపు చూశాను. తర్వాత ఫోన్ చేసి టైము అడిగాను.

జూలై 17

గోడ అవతల పిల్ల నవ్వింది. కళ్ళు కుట్టాయి.

ఆవిడంటే నాకు గిట్టదు. గురువారం గురువారం నా కూతుర్ని ఆవిడ దగ్గరికి తీసుకొస్తాను. రెండూ.

ఇంటికి వెళ్ళగానే ట్రేలు నింపాలి.